నలభై ఒకటో పేజీ

దానయ్య రచయిత. ఆ ముక్క ఆయనే చెప్పుకునేవాడు, చెప్పేవాళ్ళు ఇంకెవరూ లేరు గనక. జేబులో ఎప్పుడూ ఓ పాతిక విజిటింగ్ కార్డులుండేవి. వాటిమీద ఆయన పేరు, దాని కింద ‘రచయిత, అండమాన్’ అని, ఆ కింద ఫోన్ నంబరు. కూరగాయల కొట్టు దగ్గర, బస్సులో పక్క సీటు మనిషికి, ఆస్పత్రి వరసలో, పెళ్ళి భోజనాల్లో, ఎక్కడ తెలుగు మాట చెవినబడితే అక్కడ ఓ కార్డు చేతిలో పెట్టేవాడు. పుచ్చుకున్నవాళ్ళు అటూ ఇటూ తిప్పి చూసి, “ఏం కాంట్రాక్టులు చేస్తారండీ?” అని అడిగేవారు. పోర్ట్ బ్లెయిర్లో కార్డు వేయించుకున్న తెలుగువాడు కాంట్రాక్టరు కాకపోతే కొట్టు యజమాని అయివుండాలి. మూడో రకం ఒకటుంటుందని ఎవరికీ తోచేది కాదు.

రాసుకుని బతకడం ఎక్కడైనా కష్టమే గానీ, అండమాన్లో తెలుగులో రాసుకుని బతకడం కోరి నెత్తికెత్తుకున్న బరువు. తెలుగు పుస్తకం వేసే ప్రెస్సు ఆయనకు ద్వీపాల్లో దొరకలేదు. రాతప్రతి సంచిలో పెట్టుకుని ఎప్పుడో నెలకోసారి వచ్చే విశాఖపట్నం ఓడ ఎక్కాలి. మూడు రోజులు సముద్రం, తర్వాత రైలు, విజయవాడలో ప్రెస్సు గుమ్మం ముందు పది రోజుల పడిగాపులు, మళ్ళీ అట్టపెట్టెలతో అదే దారి. ఓడలో అన్నిటికన్నా చవకైన బంకు క్లాసులో, వికారానికి నిమ్మకాయ వాసన చూస్తూ పడివున్నవాళ్ళ మంచాల దగ్గరికెళ్ళి పుస్తకం తెరిచి చూపించేవాడు. పాపం, వాళ్ళు దిగి ఎక్కడికీ పారిపోలేరు. మూడు రోజుల్లో ఇరవై కాపీలు పోతే ఓడ టికెట్టు గిట్టుబాటయినట్టు.

ఒడ్డున అమ్మడం అంతకన్నా కష్టం. మధ్య అండమాన్లో రంగత్ బజార్లో బట్టల కొట్టు అచ్చిబాబు, దానయ్య వెళ్ళినప్పుడల్లా రెండు కాపీలు కొని చాయ్ తెప్పించేవాడు. “మాస్టారూ, నేనంటే చదువుతాను. మావాడికి మాటాడ్డమే గానీ చదవడం రాదు గదా. హిందీలో వేయించకూడదా?” అని ప్రతిసారీ అడిగేవాడు. ఒక తెలుగు సంఘం వాళ్ళు ఏటా పిలిచి శాలువా కప్పేవారు. కప్పాక సంఘం బీరువాలో పెట్టడానికి ఒక కాపీ ఊరికే ఇమ్మనేవారు. శాలువాలు ఇంట్లో ఏడు పోగయ్యాయి. అందులో ఒకటి ఆయన భార్య ప్రేమావతి అట్టపెట్టెలకు చెమ్మ తగలకుండా కప్పింది.

మాస్టారని పిలిచేవారే గానీ ఆయన బడిలో పంతులు కాడు. పోర్ట్ బ్లెయిర్ నుంచి ఓడలో ఒక రాత్రి దూరమున్న హట్‌బేలో ఉన్నరోజుల్లో ఒక కాంట్రాక్టరు దగ్గర గుమాస్తా. ఆదివారాలు సండేస్కూలు పిల్లలకు పాటలు నేర్పేవాడు, దాంతో ఆ పిలుపు అంటుకుంది. సునామీలో కాంట్రాక్టరు గోడౌను, గోడౌనుతోపాటు ఉద్యోగం కొట్టుకుపోయాక, మొగుడూపెళ్ళాలు పోర్ట్ బ్లెయిర్ చేరి గరాచర్మలో రెండు గదులు అద్దెకు తీసుకున్నారు. అప్పట్నుంచి ఆయన పూర్తికాలం రచయిత. ప్రేమావతి డెలానీపూర్‌లో ఉద్యోగస్తుల హాస్టల్లో వంటకు కుదిరింది. ఇంట్లోకి బియ్యం ఆవిడ తెచ్చేది, పుస్తకాల పెట్టెలు ఆయన తెచ్చేవాడు. ఈ ఏర్పాటు గురించి ఆవిడ ఎన్నడూ ఒక్క మాట అనలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల పక్కన బల్ల వేసి, బిస్కట్ల డబ్బాలో చిల్లర పెట్టుకుని, పుస్తకాలు అమ్మేది కూడా ఆవిడే. ఆయన పక్కన కూచుని సంతకాలు పెట్టేవాడు.

తను అమ్మే పుస్తకం ఆవిడ చదవలేదు. రంగత్‌లో పుట్టి హిందీ బళ్ళో చదువుకున్న మనిషి. నోటికి తెలుగు వచ్చు, పాటల పుస్తకంలో పాటలన్నీ కంఠతా వచ్చు, బైబిలు మాత్రం హిందీది. అక్కడ ఆ వయసువాళ్ళలో అలాంటివాళ్ళు చాలామందే ఉన్నారు, అదేమీ వింత కాదు. కానీ దానయ్య ఆ లోటుమీదే తన పుస్తకం నిలబెట్టాడు.

ఆ పుస్తకం పేరు ‘మా అబిగేలు’. అబిగేలు వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. సునామీనాటికి పదకొండో ఏడు.

ఆ సంవత్సరం క్రిస్మస్ శనివారం పడింది. అప్పటికి దానయ్య మొదటి పుస్తకం, పిల్లల కథలు, అచ్చయి ఆరునెలలైంది. మూడువందల కాపీల్లో రెండువందలు హట్‌బేలో మంచంకింద ఉన్నాయి. తెలుగు చర్చిల్లో జనం కొత్తబట్టలు కట్టుకుని, నాలుగు డబ్బులు చేతిలో పెట్టుకుని వచ్చేది క్రిస్మస్‌కే. అందుకని ఒక సంచెడు పుస్తకాలతో శుక్రవారం ఓడకి పోర్ట్ బ్లెయిర్ వచ్చాడు. “రేపు రాత్రి ఓడెక్కేస్తాను, ఆదివారం పొద్దున్నకల్లా మీదగ్గరుంటాను” అని భార్యతోనూ కూతురితోనూ చెప్పి వచ్చాడు. పండగనాడు పదమూడు కాపీలు పోయాయి. సాయంత్రం జెట్టీకి బయల్దేరుతుంటే, పుస్తకాలు అమ్మిన చర్చి పాస్టరుగారు ఆపి, “రేపు ఆదివారం గదా, ఆరాధనలో నేనే పుల్పిట్ మీంచి చెబుతాను, ఇంకో పది పోతాయి” అన్నాడు. దానయ్య చేతిలో టికెట్టుంది. ఆ టికెట్టు చొక్కా జేబులో పెట్టుకుని ఆగిపోయాడు. ఓడ ఆయన లేకుండానే వెళ్ళింది.

ఆదివారం తెల్లవారాక ఏం జరిగిందో అందరికీ తెలుసు.

ఆయన హట్‌బేలో దిగింది నాలుగో రోజున, బియ్యంబస్తాలు మోసుకెళ్ళే ఓడలో. గుట్టమీద శిబిరంలో ప్రేమావతి దొరికింది. పాప దొరకలేదు, తర్వాత కూడా దొరకలేదు. “చెయ్యి జారిపోనాది” అని ఆవిడ ఒక్కటే మాట చెప్పింది. “రాత్రి ఓడకి టికెట్ దొరకలేదు” అని ఆయన ఒక్కటే మాట చెప్పాడు. ఆ రెండు మాటలతో సరిపెట్టుకుని ఇద్దరూ ఇంకేమీ అడుక్కోలేదు.

ఏడాదిన్నరకి పుస్తకం రాశాడు. నిజంగా ఏడుస్తూనే రాశాడు, అందులో దొంగతనం లేదు. పాప నేర్చుకున్న పాటలు, జెట్టీమీద గాలం వేసి పట్టిన చేపలు, రెండు జడల రిబ్బన్లలో ఎప్పుడూ ఒక్కటే ఎలా పోగొట్టుకునేదో, అన్నీ రాశాడు. పాప పేరున వచ్చిన పరిహారం డబ్బులోంచి అచ్చు ఖర్చు తీద్దామని అడిగితే ప్రేమావతి బ్యాంకు కాగితం మీద హిందీలో సంతకం పెట్టింది. “దాని పేరు పుస్తకంమీద ఉంటాది గదా, పెట్టండి” అంది.

విజయవాడలో ప్రెస్సు యజమాని సత్యారావు రాతప్రతి రెండు రోజుల్లో చదివాడు. చెడ్డమనిషేం కాదు. అక్కడక్కడా కళ్ళు తుడుచుకున్నాడు కూడా.

“రాత బాగుందండీ. కానీ అసలు ఘట్టంలో మీరు అక్కడ లేరే” అన్నాడు.

“లేనండీ. పోర్ట్ బ్లెయిర్లో ఉన్నాను.”

“లేని మనిషి రాస్తే జనం ఎందుకు కొంటారు చెప్పండి? పేపర్లో అందరూ చదివినదే గదా. పాప చెయ్యి మీ చేతిలో ఉందనుకోండి, అప్పుడు ఆ పుస్తకం దారి వేరు.”

“చెయ్యి పట్టుకున్నది వాళ్ళమ్మండీ.”

“పుస్తకంలో ఆవిణ్ణి పోర్ట్ బ్లెయిర్ పంపించండి” అన్నాడు సత్యారావు, ఏదో రైలు మార్చుకోమన్నంత తేలిగ్గా. “తల్లి పక్కనుండగా తండ్రి చెయ్యెందుకు పట్టుకుంటాడు? చదివేవాడికి అనుమానం రాదూ?”

కంపోజింగు పిల్ల కంప్యూటరు ముందు ఎదురుచూస్తోంది. తిరుగు ఓడ ఇంకో ఐదురోజుల్లో ఉంది. దానయ్య ప్రెస్సు వెనకగదిలో స్టూలుమీద కూచుని నాలుగు వాక్యాలు కొట్టేసి రెండు రాశాడు. ‘ఆ రోజు అబిగేలు తల్లి పోర్ట్ బ్లెయిర్లో ఉంది. పాప చెయ్యి నా చేతిలో ఉంది.’ అవి నలభై ఒకటో పేజీలో పడ్డాయి. రాస్తున్నప్పుడు భార్య గుర్తొచ్చింది. ప్రేమావతికి తెలుగు చదవడం రాదు గదా అని వెంటనే ఊరట కలిగింది. ఆ ఊరటకి సిగ్గుపడ్డాడు, పడుతూనే ప్రూఫు మీద సంతకం పెట్టాడు. మొగుడన్నవాడు అంతకు దిగజారడానికి పెద్ద దుర్మార్గం ఏమీ అక్కర్లేదు, ఐదురోజుల్లో ఓడ ఉంటే చాలు.

సత్యారావు అన్నంతా అయింది. పుస్తకం నడిచింది. నడిచిందంటే ఎనిమిదేళ్ళలో ఎనిమిది వందలు. తెలుగు చదివేవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంతమంది ఉన్నచోట అది తక్కువేం కాదు. చర్చిల్లో సాక్ష్యం చెప్పమని పిలిచేవారు. దానయ్య ఐదు నిమిషాలు మాట్లాడి, చివర్లో కుడిచెయ్యి పైకెత్తి, “ఈ చేతిలోంచే జారిపోయింది” అనేవాడు. మొదట్లో ఆ మాట అంటుంటే గొంతు వణికేది. తర్వాత్తర్వాత ఎక్కడ వణికించాలో తెలిసింది. చెయ్యెత్తిన రోజున పాతిక పోయేవి, ఎత్తని రోజున ఆరో ఏడో. ఆయన మాట్లాడేటప్పుడు ప్రేమావతి లోపల ఉండకుండా చూసుకునేవాడు. “బల్ల దగ్గరెవరూ లేకపోతే పుస్తకాలు పోతాయి, నువ్వు బయటుండు” అనేవాడు. హట్‌బేలో అసలు సంగతి తెలిసిన తెలుగు కుటుంబాలు నాలుగో ఐదో మిగిలాయి. అటువైపు పుస్తకం పట్టుకుని ఆయన ఒక్కసారి కూడా వెళ్ళలేదు. ఆ క్రిస్మస్‌కి తనని ఆపిన పాస్టరుగారు విశాఖపట్నం బదిలీ అయిపోయాడు, ఆ చర్చిలోనూ మళ్ళీ బల్ల వేయలేదు.

పుస్తకం చదివిన ఆడవాళ్ళు మాత్రం బల్ల దగ్గరికొచ్చి ప్రేమావతి చెయ్యి పట్టుకుని, “నయం దీదీ, ఆ రోజు నువ్వక్కడ లేవు” అనేవారు. ఆవిడ అయోమయంగా చూసేది. ఒకసారి బస్సులో అడిగింది కూడా.

“వాళ్ళంతా అలగెందుకంటారండీ, నేను లేనని?”

“నువ్వు నీళ్ళలో పడలేదు గదా, బతికి బయటపడ్డావని వాళ్ళ ఉద్దేశం” అన్నాడు దానయ్య, కిటికీలోంచి బయటకి చూస్తూ.

ఆవిడ నమ్మింది. మొగుడు రచయిత, మాటల అర్థం తనకన్నా ఆయనకే బాగా తెలుస్తుందనుకుంది.

సునామీకి పదేళ్ళు నిండబోతున్న ఏడాది డెలానీపూర్ చర్చిలో పాస్టరుగారి భార్య సుచరిత బుధవారం సాయంత్రాలు తెలుగు క్లాసు పెట్టింది. పిల్లలకి చదవడం రావట్లేదని పిల్లలకోసం పెట్టింది. నెల తిరిగేసరికి పిల్లలు జారుకున్నారు, వాళ్ళని దిగబెట్టడానికొచ్చిన తల్లులు మిగిలారు. హాస్టల్ పక్కవీధే కావడంతో పని అయ్యాక ప్రేమావతి కూడా వెళ్ళి కూచుంది. ఈ సంగతి దానయ్యకి రెండు నెలల తర్వాత తెలిసింది. ఒక సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆవిడ మంచంకింద పెట్టెలోంచి ఒక కాపీ తీసుకుని, అట్టమీద వేలుపెట్టి, “మా... అ... బి... గే... లు” అని చదువుతోంది.

“చూసారా, వచ్చీసింది” అంది. పదేళ్ళలో ఆవిడ మొహం అంత విప్పారడం ఆయన చూడలేదు. “సుచరిత దీదీ చెప్పారు, ఏదన్నా ఒక పుస్తకం పట్టుకుని రోజూ చదవమని. ఇంటినిండా మనదే ఉంటే వేరే పుస్తకం ఎందుకు?”

దానయ్య ఆ కాపీ అందుకోబోయాడు. “ముందు బైబిలుతో మొదలెట్టకపోయావా, అదైతే తెలిసిన మాటలే గదా” అన్నాడు.

“పాపది ముందు చదువుతాను” అంది ఆవిడ.

ఆవిడ చదువు వారానికి రెండు పేజీలు నడిచింది. మొదలెట్టింది ఆగస్టు మొదటి వారంలో. దానయ్య లెక్క కట్టాడు. ఇరవై వారాలు, అంటే డిసెంబరు మూడోవారానికి నలభై ఒకటి. అప్పట్నుంచి ఆయనకు తిండి సయించలేదు. ఆవిడ చాప మీద కూచుని వేలుతో అక్షరాలు తడుముకుంటూ పోతుంటే, ఆయన పక్కగదిలో పేజీలు లెక్కపెట్టుకుంటూ కూచునేవాడు. పాప రిబ్బను పోగొట్టుకున్న చోట ఆవిడ నవ్వింది. “ఎర్రది కాదండీ, నీలంది. తప్పు రాసారు” అంది. ఆ ఒక్క తప్పుతో పోతే ఎంత బాగుండునని ఆయన మనసులో దండం పెట్టుకున్నాడు.

బయటపడే దారి ఒకటి దొరక్కపోలేదు. సెప్టెంబరులో ఓడెక్కి విజయవాడ వెళ్ళాడు, పదేళ్ళ జ్ఞాపకార్థం వెయ్యికాపీలు వేయించడానికి. ఖర్చుకోసం ప్రేమావతి మెళ్ళో గొలుసు తీసి ఇచ్చింది. “పదేళ్ళ కూడికకి అన్ని చర్చిలవాళ్ళూ వస్తారు, గొలుసు వెనక్కొచ్చీస్తాది” అని ఆవిడే ధైర్యం చెప్పింది. సత్యారావు ముసలివాడయ్యాడు. పాత ప్రతి ముందు పెట్టి, “మార్పులేమైనా ఉన్నాయా?” అని అడిగాడు. దానయ్య నలభై ఒకటో పేజీ తీసి, కలం మూత తీసి చాలాసేపు కూచున్నాడు. ఆ రెండు వాక్యాలు తీసేస్తే ఎత్తడానికి చెయ్యుండదు. చెయ్యెత్తకపోతే వెయ్యికాపీలు మంచంకింద పడుంటాయి, గొలుసు పోతుంది. ఆవిడ గొలుసు ఆవిడకి తెచ్చివ్వాలంటే ఆవిడ గురించిన అబద్ధం అమ్మాలి. “ఏమీ లేవండీ” అన్నాడు.

నవంబరాఖరుకి వెయ్యి కాపీలు దిగాయి. ప్రేమావతి ముప్ఫై ఐదో పేజీలో ఉంది. ఆవిడ హాస్టల్‌కి వెళ్ళాక ఒక పొద్దున్న దానయ్య ఆవిడ చదివే కాపీ తీసి, ఆ కాగితం జాగ్రత్తగా చింపి పొయ్యిలో వేశాడు. ఎంత తెలివి! మూడువారాల తర్వాత ఆవిడ ఆ చోటుకొచ్చి, “ఇక్కడొక కాగితం లేదండీ” అని, మంచంకింద చెయ్యిపెట్టి ఇంకో కాపీ తీసుకుంది. అమ్ముడుపోని పుస్తకాలు ఇంటినిండా పెట్టుకున్నవాడు ఒక్క కాగితం చింపి ఏం దాస్తాడు?

అది సాయంత్రం. టౌనునుంచి వచ్చే బస్సులు ఒకటొకటిగా ఇంటిముందునుంచి పోతున్నాయి. ప్రేమావతి వసారాలో చాపమీద కూచుని వేలు కదుపుతూ పైకే చదువుతోంది. దానయ్య గుమ్మంలో నిలబడిపోయాడు. లోపలికి పోలేదు, బయటకీ పోలేదు.

“ఆ... రోజు... అబిగేలు... తల్లి...” ఆవిడ ఆగింది. మళ్ళీ మొదటినుంచి చదివింది. ఈసారి ‘పోర్ట్ బ్లెయిర్లో ఉంది’ దాకా వెళ్ళింది. తల ఎత్తి, “నేను తప్పు చదువుతున్నానేటి? మీరొకసారి చదవండి” అని పుస్తకం ఆయనకిచ్చింది.

ఆయన చూడకుండానే చదివాడు. ఆ వాక్యాలు ఎన్ని చర్చిల్లో అప్పజెప్పాడో.

“అయితే సరిగ్గానే చదివాను” అంది ఆవిడ. కాసేపటికి, “తల్లి అంటే నేనే గదా?” అంది.

“ప్రేమా, ప్రెస్సాయన అలా రాస్తేగానీ...”

“ఎంతమంది చదివుంటారు?”

“ఎనిమిది వందల పైన.”

“అందుకా అలగంటారు” అంది. గొంతు పెంచలేదు. “దాని ఆఖరి పొద్దు నా దగ్గరుంది. నా దగ్గరున్నది అదొక్కటే. అది కూడా అమ్మీసారు.”

లేచి వెళ్ళి బియ్యం కడిగింది. ఆ వారమంతా ఆవిడ మాట్లాడింది ఉప్పు, పప్పు, బస్సుచార్జీలు, అంతవరకే. దానయ్య రెండుసార్లు క్షమించమని అడగబోయి, ఆవిడ వీపు చూసి ఊరుకున్నాడు. జ్ఞాపకార్థ కూడిక ఆదివారానికి ఆవిడ వస్తుందనుకోలేదు. కానీ పొద్దున్నే ఉతికిన చీర కట్టుకుని, బిస్కట్ల డబ్బా చంకలో పెట్టుకుని ఆయనకన్నా ముందు బస్టాపులో నిలబడింది.

ఆ రోజు డెలానీపూర్ చర్చి నిండిపోయింది. రంగత్ నుంచి కూడా జనం వచ్చారు. చర్చి గోడకి దానయ్య కట్టించిన బ్యానరు, దానిమీద అబిగేలు బడి ఫొటో, కింద పుస్తకం పేరు, వెల నూటఇరవై. లోపల పాస్టరుగారు పిలిస్తే ఆయన లేచి ముందుకెళ్ళాడు. మాటలు వాటంతటవే వచ్చాయి. చివరికి చెయ్యెత్తే చోటు వచ్చేసరికి చర్చి గుమ్మంలోంచి బయట బల్ల కనిపించింది. బల్ల వెనక ప్రేమావతి ఆయనవైపే చూస్తోంది. చెయ్యెత్తలేకపోయాడు. ఆ తడబాటునే జనం దుఃఖం అనుకున్నారు. చాలామంది ఏడ్చారు. ఎత్తిన రోజులకన్నా ఆ రోజు ఎక్కువమంది బల్ల దగ్గర వరస కట్టారు.

దానయ్య కుర్చీలో కూచుని సంతకాలు పెడుతున్నాడు. పది, పదిహేను, ఇరవై. ప్రేమావతి డబ్బు తీసుకుంటోంది, చిల్లర ఇస్తోంది. గొలుసు వచ్చేస్తుంది, అంతా సర్దుకుంటుందేమో అని ఆయనకి ఆశ పుట్టింది. మనిషి ఆశకి సిగ్గుండదు.

రంగత్‌నుంచి వచ్చిన ఒక పెద్దావిడ పుస్తకం ఆయన ముందు తెరిచి పెట్టి, ప్రేమావతి చెయ్యి పట్టుకుంది.

“నయం తల్లీ, ఆ రోజు నువ్వక్కడ లేవు. చూసుంటే గుండాగిపోయేది.”

“ఉన్నానమ్మా” అంది ప్రేమావతి.

పెద్దావిడ అర్థంకాక చూసింది.

“నేనక్కడే ఉన్నాను. ఇల్లు ఊగిపోతాంటే పాపని లాక్కుని బయటికొచ్చీసాను. అందరూ గుట్టమీదకి పోదాం చలో అన్నారు. సముద్రం అప్పటికింకా రాలేదు. పాప చెయ్యి నా చేతిలోనే ఉంది. అది రానంటాది. నాన్న ఓడొచ్చే టైమయింది, జెట్టీ కాడ చూస్తాడు అంటాది. ఈయన రాత్రి ఓడకొస్తానని చెప్పెళ్ళారు గదా. నాకూ అలగే అనిపించింది. దిగి ఇంటికొస్తే మేం ఉండం, ఆ మనిషి గాబరా పడిపోతాడు అనిపించింది. జా బేటా, నాన్నని తీసుకుని సీదా గుట్టమీదకి వచ్చీ అని చెయ్యి వదిలీసాను.” ఆవిడ చేతిలో నోట్లు అలాగే పట్టుకుని ఉంది. “జారిపోలేదమ్మా. జారిపోయిందని ఈయనతో అబద్ధం చెప్పాను. ఓడ మాట తెలిస్తే ఈయన బతకడని భయపడ్డాను. పదేళ్ళు ఎవరికీ చెప్పలేదు.”

వరసలో వాళ్ళు కదల్లేదు. కొందరు తమ చేతుల్లో ఉన్న పుస్తకం వైపు చూసుకున్నారు. దానయ్య చేతిలో కలం పుస్తకం మీద ఆనివుంది, ‘ప్రేమతో’ అని రాసినచోట సిరా మచ్చ పెద్దదవుతోంది. జెట్టీమీద, ఓడ రాని నీళ్ళవైపు చూస్తూ నిలబడ్డ పిల్ల ఆయనకి కనబడింది. ఎనభై పేజీల పుస్తకం రాశాడు గానీ అక్కడ ఆ పిల్లని ఎన్నడూ చూడలేదు. కొట్టేసిన నాలుగు వాక్యాల్లో కూడా లేదు.

“మరి నువ్వెందుకు రాలేదు మాస్టారూ ఓడలో?” అని అడిగింది పెద్దావిడ. నిందగా అడగలేదు, తెలియక అడిగింది.

టికెట్ దొరకలేదని చెప్పడానికి ఆయన నోరు తెరిచాడు. ప్రేమావతి ఆయనవైపు తిరిగి చూసింది.

“టికెట్టుంది” అన్నాడు. “పండగనాడు పదమూడు పుస్తకాలు పోయాయి. ఆదివారం ఆరాధనలో ఇంకో పది పోతాయన్నారు. అందుకని ఆగాను.”

 ప్రేమావతి పెద్దావిడ ఇచ్చిన నూటఇరవై రూపాయలు డబ్బాలోంచి తీసి ఆవిడ చేతిలో పెట్టేసింది. తెరిచివున్న పుస్తకం మూసి తనవైపు లాక్కుంది. తర్వాత ఆ ఆదివారం గురించి మొగుణ్ణి అడిగింది, పదేళ్ళలో మొట్టమొదటిసారి.

“ఆ పదీ పోయాయా?”

“లేదు” అన్నాడు దానయ్య. “భూకంపం వచ్చింది గదా. ఆ రోజు ఆరాధన జరగలేదు.”